పడవే ఇల్లుగా మా మొదటి ఏడాది: ఇంగ్లండ్ కాలవల్లో నారోబోటు కొని కాపురం పెట్టిన అనుభవం

నారోబోటు, అంటే ఈ కాలవల్లో తిరిగే సన్నటి పొడుగాటి ఇనుప పడవ, కొన్నామని చెప్పగానే తెలిసినవాళ్లందరూ అడిగింది ఒక్కటే, ఎంత పడింది అని. ఎంత పడిందో కింద దాచకుండా రాస్తాను. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: పడవ అడుగు, పక్కల రేకు ఎంత మందం ఉంది? మాకు ఆ సంగతి తలకెక్కేసరికి 910 పౌండ్లు పోయాయి, రెండు నెలలు నిద్ర లేదు. ఈ దేశంలో ఉన్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే ఆలోచనలో ఉన్నామని ఫోన్ చేశారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొదటి నుంచీ ఒకచోట రాయడం మంచిదనిపించింది.

2023 ఆగస్టులో మిల్టన్ కీన్స్‌లో మేముంటున్న ఫ్లాటు అద్దె 1,250 నుంచి 1,475 పౌండ్లకు పెంచుతున్నామని ఓనరు మెయిల్ పెట్టాడు. మేం ఇద్దరమే. మా ఆయనకు వారంలో రెండు రోజులే ఆఫీసు, నాది పూర్తిగా ఇంటి నుంచే పని. రోజూ సాయంత్రం గ్రాండ్ యూనియన్ కాలవ గట్టున నడిచేవాళ్లం. పొగగొట్టాలు, పూలకుండీలు, పైన కట్టెల మోపులతో వరసగా ఆగి ఉన్న ఆ పొడుగాటి పడవల పక్క నుంచి వెళ్తూ, లోపల దీపం వెలుగుతుంటే నేను కాస్త నెమ్మదించేదాన్ని. మాది కోనసీమ. కాలవ పక్కన పుట్టి పెరిగినదాన్ని. లాకుల దగ్గర పడవలు గంటల తరబడి వంతు కోసం ఆగేవని మా తాతయ్య చెబుతుంటే విన్నాను. ధవళేశ్వరంలో లాకులు చూశాను. ఇక్కడ మొదటిసారి కాలవలో తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవను పైకి లేపుతుంటే నాకెవరూ వివరించక్కర్లేకపోయింది.

అదే సెప్టెంబరు చివర్లో ఒక పడవ వారం రోజులకు అద్దెకు తీసుకున్నాం, 1,180 పౌండ్లు. అది నచ్చకపోవడానికి కారణమే లేదు. ఎండ బాగుంది, బొగ్గు పొయ్యి ముట్టించే పనే రాలేదు, టాయిలెట్ ఖాళీ చేసే బాధ్యత పడవ ఇచ్చినవాళ్లది. ఆ వారం చూసి కొనేయాలనుకుంటే మోసపోతారు. మాకు తెలిసిన ఒక జంట 2024 ఫిబ్రవరిలో రెండు రాత్రులు వాళ్ల పడవలో ఉండనిచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ఆరిపోయింది, కిటికీ చట్రాల నుంచి చెమ్మ కారి దుప్పటి అంచు తడిసింది. పొద్దున లేచాక కూడా ఇద్దరికీ ఈ ఇల్లే కావాలనిపించింది. మా అసలు నిర్ణయం ఆ రోజు జరిగింది.

వెతకడం మాత్రం జనవరి నుంచే మొదలుపెట్టాం. మొత్తం పదకొండు పడవలు చూశాం. ఎంత పొడుగు తీసుకోవాలన్నది మొదటి చిక్కు. వెడల్పు గురించి ఆలోచించేదేం లేదు, ఏ నారోబోటైనా ఏడడుగుల లోపే, ఎందుకంటే ఇక్కడి సన్న లాకులు అంతే ఉంటాయి. పొడుగు మాత్రం డెబ్బై అడుగుల దాకా దొరుకుతాయి. ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ లాంటి కాలవల్లో లాకులు పొట్టివి, 57 అడుగులు మించితే ఇబ్బంది. అందుకే దాదాపు దేశమంతా తిరగగలిగే కొలతగా 57 అడుగులకు గిరాకీ ఎక్కువ. మేమూ అక్కడే ఆగాం.

ఏ పడవలోకి వెళ్లినా ముందు వంటగది చూడకండి. వెనక మెట్ల దగ్గర నేల పలకలో చిన్న మూత ఉంటుంది. అది ఎత్తి, టార్చి వేసి, అడుగున నీళ్లున్నాయేమో చూడండి. చూసిన పదకొండింటిలో మూడింట్లో వేలు తడిసేంత నీళ్లున్నాయి. ఒకదానిలో కొత్త కార్పెట్ వేసి ఆ మూత మీదుగా మేకులు కొట్టేశారు. తీసి చూపించమంటే అమ్మేవాళ్లు ఇష్టపడలేదు. మేం అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం.

ఏప్రిల్ 6న ఒక పడవ మనసుకు పట్టింది. 1998లో కట్టింది, ధర 52,000. లోపల ఓక్ చెక్క పని, ఇత్తడి దీపాలు, మూలన చిన్న పొయ్యి. బ్రోకర్ దగ్గర పదిశాతం, అంటే 5,200 డిపాజిట్ కట్టాం. సర్వే బాగుంటేనే కొంటామని కాగితం మీద రాయించుకున్నాం. ఆ ఒక్క వాక్యం మమ్మల్ని కాపాడింది.

పడవను నీళ్లలోంచి పైకి తీయించే ఖర్చు కొనేవాళ్లదే, 260. సర్వేయరుకు 650. ఏప్రిల్ 23న వాన తుంపర్లలో వెళ్లి నిలబడ్డాం. ఆయన గీకుడు కత్తితో నల్లరంగును అరచేతి మేర గీకి, మెరిసే రేకు మీద కాస్త జెల్ రాసి, చిన్న యంత్రం మొన ఆనించి, వచ్చిన అంకెను పక్కనే సుద్దముక్కతో రాసుకుంటూ పడవ ముక్కు నుంచి వెనక్కి నడుస్తున్నాడు. నారోబోటుకు సాధారణంగా అడుగు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, గది గోడలు 4 ఉంటాయి. పక్కన 5.8 రాశాడు. 5.6. 5.1. నేను లోపల ఏ కిటికీకి ఏ కర్టెన్ వేయాలా అని ఆలోచిస్తున్నాను. ఇంజను దగ్గరికి వచ్చాక ఆయన నడక ఆగింది. అదే చోట నాలుగుసార్లు గీకాడు. నీటి అంచు వెంబడి రేకు మీద వేలి గోరు పట్టేంత గుంతలు, స్ఫోటకం మచ్చల్లా. సుద్దతో 3.9 రాశాడు. తర్వాత 3.4.

కారణం ఆయనే చెప్పాడు. పడవ ఏళ్ల తరబడి ఒకే మెరీనాలో (పడవలు కట్టేసి ఉంచే రేవులో) ఒడ్డు కరెంటుకు తగిలించి ఉంది. మధ్యలో ఐసోలేటర్ అనే చిన్న పరికరం లేదు. అది లేకపోతే ఎర్త్ వైరు ద్వారా పక్క పడవలన్నిటితో కలిసి నీళ్లలో ఒక పెద్ద బ్యాటరీలా తయారై రేకు తినేస్తుంది. రేకు బదులు కరిగిపోవడానికి పడవకు ఆనోడ్లని మెగ్నీషియం దిమ్మలు వెల్డింగ్ చేసి పెడతారు. దీనికవి పూర్తిగా కరిగిపోయి ఇనుప పట్టీలు మాత్రం మిగిలాయి. రేకు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మాకు కొటేషన్ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోనంది. పైన కొత్త రేకు అతికించాలంటే తొమ్మిది వేలు అవుతుందన్నారు. అమ్మేవాళ్లు రెండు వేలు తగ్గిస్తామన్నారు. వద్దన్నాం. ఆ రాత్రి ఇంటికొచ్చి నేను ఏడ్చాను. ఆ పడవను అప్పటికే మా ఇల్లనుకున్నాను మరి.

డిపాజిట్ వారంలో వెనక్కి ఇస్తామన్న బ్రోకర్ ఐదు వారాలు తిప్పాడు. రోజూ ఫోన్లు, మెయిళ్లు. ఒప్పందంలో ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో తేదీ లేకపోవడం మా తప్పు, మీరు తప్పకుండా రాయించుకోండి. డబ్బు చివరికి వచ్చింది కానీ సర్వే, క్రేన్ కలిపి 910 పౌండ్లు రావు కదా. అయినా అంత మంచి ఖర్చు మా జీవితంలో ఇంకొకటి పెట్టలేదని ఇప్పుడంటాను.

ఇప్పుడున్న పడవ మే 18న బ్రాన్‌స్టన్ చుట్టుపక్కల ఒక మెరీనాలో దొరికింది. 2007లో కట్టింది, 57 అడుగులు, అడిగింది 61,500. లోపల ఏ సొగసూ లేదు, ప్లైవుడ్ గోడలు, పాత నీలం సోఫా. సర్వేలో అన్నిటికంటే తక్కువ అంకె 5.3. ఆ మాట వినగానే మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చిన్నచిన్న లోపాలు చూపించి 58,500కి బేరం కుదిరింది. దీనికి మామూలు హోమ్ లోన్ ఇవ్వరు. మా పొదుపు 43,500, మిగతా 15,000 పర్సనల్ లోన్.

ఇంకో సంగతి మనవాళ్లకు వింతగా ఉంటుంది. మనూళ్లో స్థలం కొంటే ఈసీ తీయించి చూసుకుంటాం. ఈ కాలవ పడవలకు యజమాని ఎవరో తేల్చే తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఏదీ లేదు. కాలవ లైసెన్సు యజమాని హక్కుకు రుజువు కాదు. అందుకే పాత అమ్మకపు కాగితాలు, పడవ కట్టినవాళ్ల కాగితం, దాని మీద అప్పేమీ లేదని అమ్మేవాళ్ల సంతకం, అన్నీ ఒక్కొక్కటీ అడిగి తీసుకున్నాం. వాళ్లకు చిరాకు వచ్చినా ఆగలేదు.

2024 జూన్ 14న తాళాలు చేతికొచ్చాయి. ఆ రోజే కదలొచ్చనుకున్నాం, కదల్లేదు. పాత యజమాని లైసెన్సు మనకు మారదు. మన పేరున కొత్తది తీసుకోవాలి. దానికి ఇన్సూరెన్సు, బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ నాలుగేళ్లకోసారి చేయించాల్సింది, మా దానికి ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. కాలవలు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే నాలుగో రోజు లైసెన్సు వచ్చింది, 1,300కి దగ్గరగా. సొంత రేవు లేకుండా తిరుగుతూ ఉండేవాళ్లకు 2024 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము మొదలైంది. మొదట 5 శాతం, 2028 నాటికి 25 శాతానికి చేరుతుంది. లెక్క వేసుకునేటప్పుడు దీన్ని మరిచిపోకండి. ఇంకో సంగతి, పాత యజమాని గ్యాస్ సిలిండర్లు, నీళ్ల పైపు, కట్టు మేకులు, లాకులు తిప్పే ఇనుప పిడులు అన్నీ పట్టుకెళ్లిపోయాడు. అమ్మకంలో ఏమేం వస్తాయో జాబితా రాయించుకోలేదు మేం. మళ్లీ కొనడానికి 240 అయింది.

జూన్ 29న సామాను ఎక్కించాం. మంచం, బీరువా, డైనింగ్ టేబుల్ అమ్మేశాం. లోపలి వెడల్పు ఆరడుగులు, ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు దాటి వెళ్లాలంటే పక్కకు తిరగాలి. ఇత్తడి దీపపు కుందులు, కుక్కర్, ఇడ్లీ పాత్ర, పప్పుల డబ్బాలు తెచ్చుకున్నాను. మిక్సీ ఇంజను నడుస్తున్నప్పుడే తిప్పుతాను, లేకపోతే బ్యాటరీలు కూలబడతాయి. ఇడ్లీ పిండి పులవడానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు ఏ ఫ్లాటులోనూ లేదు. ఇంజను వేడితో కాగే వేణ్నీళ్ల ట్యాంకు ఒక అలమరలో ఉంటుంది, దాని మీద గిన్నె పెడితే పొద్దుటికి మూత లేస్తుంది. తిరగమోత పెట్టేముందు మాత్రం రెండు వైపులా తలుపులు తెరవాలి, ఎండుమిర్చి ఘాటుకు అలారం మోగుతుంది. ఆ అలారం మోగితే విసుక్కుని బ్యాటరీ తీసేయొద్దు. ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్ అలారం. మూసిన గదిలో బొగ్గు పొయ్యితో పడుకునేవాళ్లకు ప్రాణం నిలబెట్టేది అదే.

సొంత రేవు లేని లైసెన్సు అంటే ఒకచోట పద్నాలుగు రోజులకు మించి ఆగకూడదు. నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి జరిపితే కుదరదు, నిజంగా ప్రయాణిస్తూ ఉండాలి. ఏడాది మొత్తంలో ఇరవై మైళ్ల లోపలే తిరుగుతూ ఉంటే ట్రస్టు నుంచి ఉత్తరం వస్తుంది. మేం బ్రాన్‌స్టన్ నుంచి ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ దాకా పోతూ వస్తూ ఉంటాం. వేగం గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు, ఆగి ఉన్న పడవల పక్కన అయితే ఇంకా నెమ్మదిగా. చుక్కాని పిడి ఎడమకు నెడితే ముక్కు కుడికి తిరుగుతుంది. బ్రేకులుండవు. ఇవన్నీ వారంలో అలవాటవుతాయి. అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది కారు సంగతి. పడవ ఆరు మైళ్లు కదిలితే కారు పాత చోటనే ఉండిపోతుంది. మా ఆయన సైకిల్ మీద గట్టు వెంబడి వెనక్కి వెళ్లి, సైకిల్‌ను డిక్కీలో వేసుకుని కారు తెస్తారు. కదిలిన ప్రతిసారీ ఇదే తంతు. ఆఫీసు రోజులుంటే వోల్వర్టన్ దగ్గర ఆగేలా చూసుకుంటాం, స్టేషన్ కాలవ పక్కనే.

మొదటి ప్రయాణంలో బ్లిస్‌వర్త్ సొరంగం దాటాం. 3,076 గజాలు, 1805లో తెరిచింది. అంత పొడుగు చీకట్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. గాలి కోసం పైకి తవ్విన బావుల కింద నుంచి వెళ్లినప్పుడల్లా చల్లటి నీళ్లు మెడ మీద పడ్డాయి. ఎదురుగా ఒక దీపం కనిపించింది, ఎంతసేపటికీ దగ్గరికి రాలేదు, ఉన్నట్టుండి పక్కనే ఉంది. రెండు పడవలు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా దాటుకున్నాయి. వానకోటు వేసుకుని వెళ్లండి, జూలై అయినా సరే.

ఇప్పుడు రాయబోయేది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. సెప్టెంబరు 14, బక్‌బీ లాకుల్లో కిందికి దిగుతున్నాం. అక్కడ ఏడు లాకులు. మా ఆయన గట్టు మీద పిడితో తూములు ఎత్తుతున్నారు, నేను చుక్కాని దగ్గర. లాకులో పై తలుపుల కింద నీళ్లలో కాంక్రీటు గట్టు ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది, సిల్ అంటారు. నిండుగా ఉన్నప్పుడు కనపడదు. అది ఎక్కడి దాకా ఉందో గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. నాకిదంతా తెలుసు. నాలుగో లాకులో జేబులో ఫోన్ మోగింది. తీయలేదు, చూశాను, అంతే. ఆ కాసేపట్లో పడవ రెండడుగులు వెనక్కి జరిగింది. గరగరమని ఇనుము రాతి మీద రాసుకున్న చప్పుడు కాళ్ల కింద వినిపించింది. తర్వాత ముక్కు వైపు దిగుతోంది, వెనక నేనున్న చోటు దిగడం లేదు. వంటగదిలో గిన్నెలు జారిన చప్పుడు. "తూము వదిలేయండి" అని అరిచాను. మా ఆయన కింది తూములు దించేసి, పరుగున పై తలుపుల దగ్గరికి వెళ్లి అక్కడి తూములు ఎత్తారు. నీళ్లు తిరిగి వచ్చి వెనక భాగం తేలేదాకా ఒక నిమిషం పట్టిందేమో. ఇంకాస్త ఆలస్యమైతే ముక్కు మునిగేది, ముందు తలుపు తెరిచే ఉంది. ఆ రోజు నుంచి లాకులో ఉన్నంతసేపూ నా ఫోన్ లోపల సొరుగులో ఉంటుంది. గట్టు మీద ఉన్న మనిషి పడవ మీద ఉన్న మనిషి ముఖం చూస్తూనే తూము ఎత్తాలి, మీ ఇంట్లో ఇది నియమం చేసుకోండి.

అక్టోబరులో ప్రొపెల్లరుకు దుప్పటి కవరు చుట్టుకుంది. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, వెనక పలకల కింద ఉండే చిన్న బావిలాంటి మూత తెరవాలి. భుజం దాకా చెయ్యి చల్లటి నీళ్లలో పెట్టి, రొట్టె కోసే కత్తితో గుడ్డను పోగు పోగుగా కోశాం, వంతులవారీగా, గంటా ఇరవై నిమిషాలు. వేళ్లకు స్పర్శ పోయింది. కోయడం కంటే ముఖ్యమైన పని తర్వాత ఉంది. ఆ మూత సరిగ్గా బిగించకపోతే ఇంజను వేయగానే ప్రొపెల్లరు నీళ్లను లోపలికి ఎగదన్నుతుంది, పడవ మునిగిపోతుంది. బిగించాక ఇంజను వేసి, టార్చితో అంచు పొడిగా ఉందో లేదో చూశాకే కదులుతాం.

అదే నెలలో బ్యాటరీలు పోయాయి. "కొత్తవే వేశాం" అని అమ్మినవాళ్లు చెప్పినవి. తయారీ తేదీ చూస్తే ఆరేళ్ల నాటివి. కొనేముందు ఆ తేదీ చూడడం నాకు తట్టలేదు. నాలుగింటికి 720. వేసవిలో పైకప్పు మీది సోలార్ పలకలే అన్నీ నడిపాయి, డిసెంబరులో అవి దాదాపు ఏమీ ఇవ్వలేదు. అప్పుడు రోజూ రెండు గంటలు ఇంజను నడపాలి, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా నడపకూడదు. నా ఆఫీసు మీటింగులు ఆ గంటలకు తగ్గట్టు మార్చుకున్నాను.

చలికాలం గురించి మాకు అందరూ చెప్పారు. చలి ఫర్వాలేదు, పొయ్యి వెలుగుతుంటే లోపల చొక్కాతో ఉండొచ్చు. ఇబ్బందల్లా నీళ్లు, టాయిలెట్. మాది క్యాసెట్ టాయిలెట్, సుమారు ఇరవై లీటర్ల డబ్బా. ఇద్దరికి మూడు రోజులు వస్తుంది. మూడు డబ్బాలున్నాయి కాబట్టి తొమ్మిది రోజులు. నిండినవి మోసుకెళ్లి, దానికోసం కట్టిన చోట వంచి, కడిగి తెచ్చుకోవాలి. మొదటిసారి మా ఆయన ఒక్కరే వెళ్లి వచ్చి ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు అదొక మామూలు పని. ఇది మాకు చేతకాదు అనుకుంటే పడవ జోలికి రాకండి, నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట.

2025 జనవరి రెండో వారంలో కాలవ గడ్డకట్టింది. పొద్దున లేస్తే పడవ కదలిక లేకుండా నేల మీద ఇల్లులా నిలబడి ఉంది, ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. మంచును చీల్చుకుంటూ వెళ్లొచ్చు కానీ ఆ పలకలు రంగును గీకేస్తాయి, పక్క పడవలనూ దెబ్బతీస్తాయి. ఎవరూ కదల్లేదు. మా పద్నాలుగు రోజులు అయిపోతున్నాయని టెన్షన్ పడి ట్రస్టుకు మెయిల్ పెడితే, కరిగేదాకా ఉండమని జవాబొచ్చింది. నీళ్ల కొళాయి గడ్డకట్టింది. పక్క పడవ పెద్దాయన ఒక మైలు దూరంలో పనిచేస్తున్న కొళాయి చూపించారు, డబ్బాలు చక్రాల బండి మీద లాక్కొచ్చాం. ఆరో రోజు బొగ్గు బస్తా ఒక్కటే మిగిలింది. మామూలుగా బొగ్గు, డీజిల్, గ్యాస్ అమ్మే పడవ కాలవలోనే మన దగ్గరికి వస్తుంది. ఆయన కూడా మంచులో ఇరుక్కున్నాడు. ఆ పెద్దాయన అడక్కుండానే రెండు బస్తాలు తెచ్చి మా ముందు భాగంలో పెట్టి వెళ్లారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. పులిహోర చేసి పంపాను, గిన్నె కడిగి తిరిగిచ్చారు. అప్పటి నుంచి నవంబరు వచ్చిందంటే నాలుగు బస్తాలకు తగ్గకుండా పైన పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాం.

చిరునామా సంగతి. ఉత్తరాలకు ఒక స్నేహితురాలి ఇంటి అడ్రసు వాడుతున్నాం, ఆమె అనుమతితో. ఒక క్లినిక్‌లో డాక్టరు దగ్గర నమోదుకు వెళ్తే అడ్రసు రుజువు లేనిదే కుదరదన్నారు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) నిబంధనల్లో అలా లేదు, ఆ పేజీ అచ్చు తీసి మళ్లీ వెళ్తే చేశారు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం అడ్రసు ఏమివ్వాలో ముందే సలహా తీసుకోండి. మేం ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాకే ఈ పని మొదలుపెట్టాం.

మార్చిలో పడవను పైకి తీసి అడుగుకు నల్లరంగు వేయించాం. రెండు మూడేళ్లకోసారి తప్పదు. కొత్త ఆనోడ్లతో కలిపి 1,050. ఆ పది రోజులూ స్నేహితుల ఇంట్లో ఉన్నాం, ఆ నేల కదలకపోతే నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఏడాది ఖర్చు పుస్తకంలో రాసింది రాసినట్టు చెబుతాను. లైసెన్సు 1,300. ఇన్సూరెన్సు 210. డీజిల్ 1,100. గ్యాస్ 360. చలికాలం ఐదు నెలలకు బొగ్గు 750. నల్లరంగు 1,050, బ్యాటరీలు 720. నీళ్ల పంపు, బెల్టు, ఇంజను సర్వీసు లాంటి రిపేర్లు 900. దారిలో చెడిపోతే వచ్చి చేసేవాళ్ల సభ్యత్వం 200. ఇంటర్నెట్ 420. పడవలో పట్టని సామాను దాచడానికి 720. మొత్తం 7,730 పౌండ్లు. ఫ్లాటు అద్దె ఒక్కటే 17,700 అయ్యేది. కానీ పెట్టిన 58,500 ఇల్లులా పెరగదు, ఏటా కాస్త తరుగుతుంది. డబ్బు మిగులుతుందనే ఒక్క కారణంతో దిగకండి. ఇందులో మా ఇద్దరి చాకిరీకి లెక్క లేదు.

వచ్చే నెల, జూన్‌లో, అమ్మ వస్తోంది. ఇన్నాళ్లూ "ఇల్లు లేకుండా పడవలో ఏంటే అమ్మాయ్, వరదొస్తే?" అని బెంగపడేది. స్టోక్ బ్రూయర్న్ దగ్గర లాకు దాటుతూ ఒకసారి వీడియో కాల్ చేశాను. తలుపులు తెరుచుకోవడం చూసి "ఇది లాకే కదే" అని, చాలాసేపు ఏం మాట్లాడకుండా చూసింది. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది. "గెడ ఉందా మీకు?" ఉందమ్మా, పైకప్పు మీద, దిగడానికి వేసే పలక పక్కనే కట్టి ఉంటుంది అని చూపించాను. ఆ పలక అడుగు వెడల్పే, మోకాళ్ల నొప్పులతో ఆవిడ దాని మీద నడవలేదు. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ఒక పక్క చేతిపట్టు ఉన్నది చేయించాం, 95 పౌండ్లు. నిన్న గట్టుకూ పడవకూ మధ్య వేసి, నేనే మూడుసార్లు చీర కట్టుకుని ఎక్కి దిగి చూశాను. చివర కాస్త జారుతోంది, గరుకు పట్టీ అతికించాలి.